గాజు తొట్టెలో సముద్రజలం

గత సంచికలో బాయిలరుకు పోయే నీటిని డి.ఎం. ప్లాంటు ఎట్లా శుద్ధి చేస్తుందో ఈ శీర్షికలో వివరించాము. ఆ వ్యాసం చదివిన మన కాలనీ సోదరి ఒకరు మాకు లేఖ వ్రాశారు. కుటుంబ సమేతంగా ఎల్.టి.సి.పై అండమాన్ వెళ్లి వచ్చిన తరువాత, పిల్లల పోరు పడలేక, వారు ఇంటిలో ఒక ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నారట. నెల తిరిగేసరికి అందులోని నీరు పలుచని టీ డికాక్షను రంగుకు తిరిగిందట. "మీరు వ్రాసిన రెసిన్ గుప్పెడు వేస్తే ఈ నీరు బాగుపడదా?" అని వారి ప్రశ్న.

ప్లాంటులోని రెసిన్ గుప్పెడైనా సరే ఇంటికి ఎట్లా చేరుతుందన్న విషయాన్ని స్టోర్సు విభాగం వారికే వదిలివేద్దాము. ప్రశ్న మాత్రం చాలా మంచిది. "బాగుపడదు" అని ఒక్క మాటలో సమాధానం చెప్పవచ్చు. ఎందుకు బాగుపడదో, మరి ఏది పనికి వస్తుందో చెప్పడానికి మాత్రం ఈ నెల శీర్షిక మొత్తం పడుతుంది.

అండమాన్ నుండే మొదలు పెడదాము. పోర్ట్ బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మార్చారు. అయినా అబర్దీన్ బజారులో, జంగ్లీఘాట్‌లో పాత పేరే ఇంకా నాలుకల మీద ఆడుతున్నది కనుక మేమూ అదే వాడుతున్నాము. ఆ ఊరిలో తెలుగు మాట వినబడడం వింత కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపవాసులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వీరిలో ఎక్కువ. అక్కడకు వెళ్లిన మన ఉద్యోగుల కుటుంబాలు మత్స్యశాఖ వారి అక్వేరియం, హాడోలో నౌకాదళం వారు నడిపే సముద్రిక ప్రదర్శనశాల చూడకుండా తిరిగి రావు. గాజు వెనుక నారింజ రంగు క్లౌన్ చేపను చూచిన పిల్లలు దానిని మరచిపోవడం కష్టం. 2003లో ఆ చేపను కథానాయకునిగా చేసి ఒక హాలీవుడ్ బొమ్మల సినిమా వచ్చిన తరువాత పిల్లల పోరు మరింత పెరిగింది.

ఇక్కడ పాఠకులకు సహజంగా ఒక సందేహం కలగాలి. చుట్టూ సముద్రం ఉన్న ద్వీపంలో అక్వేరియం నీటికి రసాయన వడపోత దేనికి? పంపు పెట్టి ఒక వైపు కొత్త నీరు తోడి, మరొక వైపు పాత నీరు వదిలివేస్తే సరిపోదా? సరిపోతుంది. తీరాన ఉన్న అక్వేరియాలకు, చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాలకు అంతకంటె మంచి పద్ధతి లేదు. దీనిని మన భాషలో ఒకసారి వాడి వదిలివేసే శీతలీకరణ నీటి పద్ధతితో పోల్చవచ్చు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, సముద్రం ఎదురుగా ఉన్నంత మాత్రాన సముద్రజలం అన్ని రోజులూ తోడుకొనదగినదిగా ఉండదు.

అండమాన్‌లో నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ వర్షిస్తాయి. మే నుండి డిసెంబరు దాకా ఏదో ఒక రూపంలో వాన ఉంటుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు. అనగా విశాఖపట్నానికి దాదాపు మూడింతలు. కొండల మీద పడిన ఆ నీరు ఎర్రమట్టిని మోసుకొని నేరుగా అఖాతాలలోనికి దిగుతుంది. పైపొర నీటిలో ఉప్పు పలచబడుతుంది, మడ్డి పెరుగుతుంది. ఓడల రాకపోకలున్న రేవు నీటిలో నూనె తెట్టు సంగతి చెప్పనక్కర లేదు. అటువంటి రోజులలో తెలివిగల నిర్వాహకుడు తీసుకొనే నీటి కవాటం మూసివేస్తాడు. ఆ క్షణం నుండి ద్వీపంలోని అక్వేరియానికి, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన హైదరాబాదులో ఉన్న అక్వేరియానికి భేదం లేదు. రెండూ తమ నీటిని తామే శుభ్రపరచుకొని బ్రతకాలి. రసాయన వడపోతకు అసలు పని అప్పుడే పడుతుంది.

ఇక ఆ నీటిలో చేరే మలినమేమిటో చూడాలి. చేప తిన్న ఆహారంలోని మాంసకృత్తులు చివరకు అమ్మోనియాగా మారి, ఎక్కువ భాగం మొప్పల ద్వారానే బయటకు వస్తాయి. తినకుండా మిగిలి కుళ్లిన మేత కూడా అమ్మోనియానే ఇస్తుంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. అయాన్ రూపంలో ఉన్నది కొంత నయం. అయాన్ కానిది మొప్పల గుండా లోపలికి చొరబడి చంపుతుంది. మంచినీటి తొట్టెలో పి.హెచ్. 7 దగ్గర ఉంటుంది కనుక విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. సముద్రజలపు పి.హెచ్. 8.2 దగ్గర ఉంటుంది. అక్కడ, మన ఉష్ణోగ్రతలలో, ఆ పాలు పదింతల వరకు పెరుగుతుంది. మంచినీటి చేప తట్టుకొనే అమ్మోనియాకు ఉప్పునీటి చేప ప్రాణం వదలడానికి కారణం ఇదే. చేప సుకుమారమని అందరూ అంటారు. నిజానికి చేప గట్టిదే, ఆ నీటిలోని రసాయన శాస్త్రమే నిర్దాక్షిణ్యమైనది.

ప్రకృతిలో అమ్మోనియాను ఒక జాతి బాక్టీరియా నైట్రైట్‌గా, మరొక జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ విషం చాలా స్వల్పం. తొట్టెలోని ఇసుకకు, రాళ్లకు, స్పాంజికి ఈ బాక్టీరియా పట్టుకొని ఉంటుంది. కొత్త తొట్టెలో ఇది స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. దీనిని జీవ వడపోత అంటారు. మడ్డిని గుడ్డతోనో స్పాంజితోనో పట్టడం యాంత్రిక వడపోత. ఈ రెండింటి తరువాత మిగిలేవి నీటిలో పూర్తిగా కరిగిపోయిన పదార్థాలు. వాటిని పట్టడమే రసాయన వడపోత.

ఇప్పుడు రెసిన్ దగ్గరకు వద్దాము. డి.ఎం. ప్లాంటుకు వచ్చే మంచినీటిలో లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాముల లవణాలుంటాయి. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాములు. ఇరావతి, సాల్వీన్ నదుల నీరు వచ్చి కలిసే అండమాన్ సముద్రంలో ఇది కొంచెం తక్కువ, అంతే. ఒక లీటరు కాటయాన్ రెసిన్ సుమారు 2 గ్రాము తుల్యభారాల అయాన్లను పట్టగలదు. ఒక లీటరు సముద్రజలంలో ఉన్న ధనాయాన్లు సుమారు 0.6 గ్రాము తుల్యభారాలు. భాగించి చూడండి: లీటరు రెసిన్ మూడు లీటర్ల పైచిలుకు సముద్రజలంతో చేతులెత్తేస్తుంది. పైగా అది పట్టుకొన్న సోడియానికి బదులుగా హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. నీరు చింతపండు పులుసు కంటె పుల్లనవుతుంది. చేపల పులుసు కొరకు తొట్టె పెట్టుకొనేవారెవరూ ఉండరని మా నమ్మకం.

"హైడ్రోజన్ వదలని రెసిన్లు కూడా ఉన్నాయి గదా, అమ్మోనియాను మాత్రమే పట్టే జియోలైట్ ఉన్నది గదా" అని మన రసాయన విభాగం మిత్రులు అడుగుతారు. ఉన్నది. మంచినీటి తొట్టెలలో అది చక్కగా పనిచేస్తుంది. సముద్రజలంలో లీటరుకు సోడియం సుమారు 10,800 మిల్లీగ్రాములు. మనలను కలవరపెట్టే అమ్మోనియా అర మిల్లీగ్రాము. అనగా బరువు లెక్కన ఇరవై వేలకు ఒకటి. సింహాచలం చందనోత్సవం నాటి జనసమ్మర్దంలో ఒక్క జేబుదొంగను పట్టుకొమ్మని ఒకే ఒక కానిస్టేబులును పంపినట్లుంటుంది. జియోలైట్ గదులన్నీ సోడియం, పొటాషియం, కాల్షియంలతోనే నిండిపోతాయి. దుకాణంలో జియోలైట్ పొట్లం మీద "మంచినీటికి, ఉప్పునీటికి" అని రెండూ వ్రాసి ఉన్నా నమ్మవద్దు. ఉప్పునీటి తొట్టెలో అమ్మోనియా పని బాక్టీరియాదే.

అయితే సముద్రజలంలో పనిచేసే రసాయన సాధనమే లేదా? ఉన్నది. అది మన వంటింటి పెరటిలో పడవేసే కొబ్బరిచిప్ప.

కొబ్బరిచిప్పను గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేస్తారు. ఆ బొగ్గును 800 నుండి 1,000 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య నీటి ఆవిరికి గురిచేస్తారు. ఆవిరి బొగ్గుతో చర్య జరిపి, చెదపురుగు కొయ్యను తొలిచినట్లు, దానిలో లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రాలు తొలుస్తుంది. ఇదే ఉత్తేజిత కర్బనం. ఒక్క గ్రాము కర్బనపు లోపలి ఉపరితలం సుమారు 1,000 చదరపు మీటర్లు, అనగా పాతిక సెంట్ల భూమి చిటికెడు పొడిలో ఇమిడి ఉన్నదన్నమాట. ఈ ఉత్తేజన విధానాలకు రాఫెల్ ఆస్ట్రెయ్కో అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1900, 1901 సంవత్సరాలలో పేటెంట్లు పొందాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల నుండి సైనికులను కాపాడిన ముఖకవచాలలో వాడిన బొగ్గులో కొబ్బరిచిప్ప బొగ్గు ముఖ్యమైనది. గట్టిగా ఉండి, రంధ్రాలు మిక్కిలి సన్నగా ఉండడం దీని ప్రత్యేకత. అండమాన్ నికోబార్‌లకు కొబ్బరి కొరత లేదు, మన కోనసీమకూ లేదు. అయినా అక్వేరియానికి తగినట్లు ఉత్తేజితం చేసిన కర్బనం పోర్ట్ బ్లెయిర్‌కు ప్రధాన భూభాగం నుండి ఓడలోనే రావాలి. విశాఖ నుండైనా చెన్నై నుండైనా రెండు రోజులకు పైబడిన ప్రయాణమది.

రెసిన్ ఓడిన చోట కర్బనం ఎట్లా నెగ్గుతుంది? రెసిన్‌కు అయాన్లతో లావాదేవీ. కర్బనానికి వాటితో దాదాపు పనే లేదు. నీటితో పొత్తు కుదరని సేంద్రియ పదార్థాలు దాని గోడలకు అంటుకుంటాయి. దీనిని అధిశోషణం అంటారు. స్పాంజి నీటిని పీల్చినట్లు లోపలికి పీల్చుకొనడం శోషణం, అంటుకొనడం అధిశోషణం. పరీక్షలకు చదివే పిల్లలు ఈ భేదం గుర్తుంచుకోవాలి. లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉన్నా కర్బనం దానిని పట్టించుకొనదు కనుక మంచినీటిలో పనిచేసినట్లే సముద్రంలోనూ పనిచేస్తుంది. లేఖ వ్రాసిన సోదరి తొట్టెలోని డికాక్షను రంగు ఇటువంటి సేంద్రియ పదార్థాలదే. ఆకులు కుళ్లిన గుంటలోని నీటికి వచ్చే రంగుకు ఇది దగ్గరి చుట్టం. కర్బనం దానిని ఒకటి రెండు రోజులలో లాగివేస్తుంది.

వాడే విధానం కొంత వివరంగా చెప్పడం అవసరం. వంద లీటర్ల నీటికి యాభై, అరవై గ్రాముల గుళికల కర్బనంతో మొదలు పెట్టవచ్చు. ముందుగా మంచినీటిలో నల్లని ధూళి పోయేదాకా కడగాలి. నైలాన్ వలగుడ్డ సంచిలో పోసి, వడపోత పెట్టెలో నీరు దాని గుండానే పోయేటట్లు అమర్చాలి. సంచిని తొట్టెలో ఒక మూల వ్రేలాడదీస్తే నీరు దాని ప్రక్క నుండి పోతుంది. ద్రవం తేలిక దారినే వెదకుకొంటుందని మన పైపింగు వారికి చెప్పవలసిన పని లేదు. యాంత్రిక వడపోత తరువాతనే కర్బనం ఉండాలి. లేకుంటే మడ్డి రంధ్రాల నోళ్లు మూసివేస్తుంది. మూడు, నాలుగు వారాలకు ఒకసారి మార్చాలి. రంగు తిరిగి వస్తున్నదా అన్నది తెలుసుకొనడానికి తెల్లని పింగాణీ గిన్నెలు రెండు తీసుకొని, ఒకదానిలో తొట్టె నీరు, మరొక దానిలో మంచినీరు పోసి ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. రోజూ చూచే కంటికి తొట్టెలోని మార్పు తెలియదు. గిన్నెలు అబద్ధమాడవు.

కొన్ని కర్బనాలను ఆవిరితో గాక ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఉత్తేజితం చేస్తారు. అటువంటివి నీటిలోనికి ఫాస్ఫేటును వదులుతాయి. అది నాచుకు విందుభోజనం. కొన్న కర్బనాన్ని ఒక గ్లాసు శుద్ధజలంలో రాత్రంతా నానవేసి, ప్రొద్దున ఫాస్ఫేటు పరీక్ష చేస్తే గుట్టు బయటపడుతుంది. ఇక నిల్వ విషయం. కర్బనం గాలిలోని ఆవిరులను కూడా పట్టుకొంటుంది. రంగు డబ్బాలు, కిరసనాయిలు ఉన్న గదిలో పలుచని ప్లాస్టిక్ సంచిలో ఉంచిన కర్బనం తొట్టెలోనికి రాకముందే సగం పని ముగించుకొని ఉంటుంది. ద్వీపాల తేమగాలిలో, ఓడ సరుకుగదిలో ఇది మరింత ముఖ్యం. గాలి చొరని డబ్బాలో ఉంచాలి. వాడిన కర్బనాన్ని ఇంటి పొయ్యి మీద వేయించి తిరిగి వాడవచ్చునని ఒక ప్రచారమున్నది. ఎర్రగా కాలిన కొలిమిలో, ఆవిరిలో జరిగే పని పెనం మీద జరగదు. ఆ శ్రమకు కొత్తది కొనడమే చవక. అట్లాగే పాత కర్బనం పట్టిన విషమంతా ఒక్కసారిగా వెళ్లగ్రక్కుతుందన్న భయమూ అతిశయోక్తే. అది నిండిన తరువాత పనిచేయడం మాని, బాక్టీరియాకు నివాసంగా మిగిలిపోతుంది.

కర్బనంతో పాటు చెప్పుకొనదగిన రెండవ సాధనం నురుగు యంత్రం. దుకాణాలలో ప్రోటీన్ స్కిమ్మరు అంటారు. అరిసెలకు బెల్లపు పాకం పట్టేటప్పుడు పైకి వచ్చే తెట్టును గరిటెతో తీసివేయడం మన గృహిణులకు తెలిసిన విద్యే. ఇదీ అదే. నిలువుగా నిలబెట్టిన గొట్టంలోనికి అతి సన్నని గాలి బుడగలను పంపుతారు. మాంసకృత్తుల అణువులలో ఒక కొస నీటిని ప్రేమిస్తుంది, మరొక కొస ద్వేషిస్తుంది. ద్వేషించే కొస గాలి బుడగలో తల దాచుకొంటుంది. బుడగ పైకి పోతుంది, నురుగు గిన్నెలో పడుతుంది, ఆకుపచ్చని దుర్గంధ ద్రవం మిగులుతుంది. దాని వాసన చూచిన తరువాత అది తొట్టెలో లేనందుకు ఎవరైనా సంతోషిస్తారు. కుళ్లి అమ్మోనియాగా మారకముందే ఆ పదార్థాన్ని బయటకు లాగడం దీని గొప్పతనం. కర్బనానికైనా ఇది చేతకాదు. కర్బనం పట్టినది సంచిలోనే, అంటే నీటిలోనే ఉంటుంది. ఉప్పునీటిలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా సన్నగానే ఉంటాయి, కనుక ఈ యంత్రం సముద్రజలంలోనే బాగా పనిచేస్తుంది. కెరటాలు పోటెత్తిన రోజు తీరాన పేరుకొనే నురుగును చూచిన వారికి సముద్రం కూడా ఈ పని తానే చేసుకొంటుందని అర్థమవుతుంది. ఇది రసాయన వడపోతా, భౌతిక వడపోతా అని గ్రంథకర్తలు వాదించుకుంటారు. చేపకు ఆ వాదంతో నిమిత్తం లేదు.

మిగిలినవి క్లుప్తంగా. ఫాస్ఫేటును పట్టడానికి తుప్పు వంటి ఐరన్ ఆక్సైడు గుళికలు వాడతారు. పగడాలున్న తొట్టెలో కొద్ది కొద్దిగా మొదలు పెట్టాలి. ఒక్కమారుగా ఫాస్ఫేటు పడిపోతే పగడాలు తట్టుకోలేవు. ఓజోను పెద్ద ప్రదర్శనశాలలకు తగిన సాధనం. సముద్రజలంలో లీటరుకు 65 మిల్లీగ్రాముల దాకా బ్రోమైడు ఉంటుంది. ఓజోను దానిని ఘాటైన బ్రోమిన్ సమ్మేళనాలుగా మారుస్తుంది కనుక ఓజోను తగిలిన నీరు కర్బనం గుండా పోయి తీరాలి. ఇంటిలో దాని జోలికి పోకపోవడమే మంచిది. చేపలకు తెల్లమచ్చల వ్యాధి వస్తే కొందరు మైలుతుత్తం మందు తొట్టెలోనే పోస్తారు. రాగి రొయ్యలకు, నత్తలకు, పగడాలకు ప్రాణాంతకం. ఇసుకలో, రాళ్లలో ఇంకి చాలాకాలం ఉంటుంది. కర్బనం దానిని పూర్తిగా తీయలేదు. జబ్బుపడిన చేపకు వేరే బకెట్టులో వైద్యం చేయాలి.

రసాయన వడపోతను గూర్చి ఇంత చెప్పి, దాని మీద అతినమ్మకం ఎంత ప్రమాదమో చెప్పకపోతే మా పని సగమే అవుతుంది. మన కాలనీలోనే ఒక సహోద్యోగి ఇంట రెండు వందల లీటర్ల తొట్టె ఉండేది. ఆయన ప్రతి ఆదివారం కర్బనం మార్చేవారు. నీరు అద్దంలా ఉండేది. వచ్చిన వారందరూ మెచ్చుకొనేవారు. ఒక సోమవారం సాయంత్రం వారి అబ్బాయి పరుగున వచ్చి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయని మాకు చెప్పాడు. పరీక్ష చేస్తే అమ్మోనియా రంగు పట్టీ చివరి గడిలో ఉన్నది. ఆరా తీయగా తేలినదేమంటే, ఆదివారం కర్బనంతో పాటు స్పాంజిని కూడా కుళాయి క్రింద పిండి పిండి ఉతికేవారు. కుళాయి నీటిలోని క్లోరిన్ ఆ స్పాంజిలోని బాక్టీరియాను ప్రతి వారం తుడిచిపెట్టింది. ఇసుక పలుచగా ఉన్న ఆ తొట్టెలో వేరే బాక్టీరియా నివాసం లేదు. అమ్మోనియాకు రంగు లేదు. కర్బనం దానిని పట్టదు. అద్దం వంటి నీటిలో చేపలు విషంలో ఈదుతున్నాయి. నిల్వ ఉంచిన సముద్రజలంతో ఆ రాత్రి సగం నీరు మార్చాము, మేత ఆపివేయించాము, గాలి పంపు పెంచాము. ఐదింటిలో రెండు బ్రతికాయి. ఆ అబ్బాయి చచ్చిన మూడింటిని పెరటిలో గోరింట మొక్క క్రింద పాతిపెట్టాడు.

కావున స్పాంజిని తొట్టె నుండి తీసిన నీటిలోనే, ఒక మగ్గులో, మృదువుగా పిండాలి. రెండు వారాలకు ఒకసారి పదింట ఒక వంతు నుండి ఐదింట ఒక వంతు దాకా నీరు మార్చాలి. నైట్రేటును తీసే చవకైన రసాయనం ఉప్పునీటికి లేదు. నీరు మార్చడమే దాని మందు. చేప రెండు నిమిషాలలో తినగలిగినంతే మేత వేయాలి. ఈ చివరిది పిల్లలకు చెప్పడం కష్టం, పెద్దలకు చెప్పడం మరీ కష్టం.

సముద్రజలం తెచ్చుకొనేవారు రేవుల నుండి, కాలువ ముఖాల నుండి తేవద్దు. వాన వెలసిన తరువాత కొన్ని రోజులు ఆగి, పోటు సమయంలో బయలు సముద్రం నుండి తీసుకొని, మూతగల పీపాలలో చీకటిలో రెండు వారాలు ఉంచి, పైతేట మాత్రం వంచుకోవాలి. ఆవిరై తగ్గిన నీటికి బదులు సముద్రజలం పోయరాదు. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. మంచినీరే పోయాలి. పోర్ట్ బ్లెయిర్‌లో ఇది మరొక చిక్కు. ధనిఖారి ఆనకట్ట మీద ఆధారపడిన ఆ ఊరిలో, ఇంత వాన కురిసినా, వేసవిలో మంచినీటికి కొరతే. చుట్టూ సముద్రం పెట్టుకొని అక్వేరియం నిర్వాహకుడు మంచినీటి కొరకు లెక్కలు వేసుకోవలసి వస్తుంది. కుళాయి నీరైతే క్లోరిన్ విరగడానికి హైపో పలుకు వేయాలి, లేదా కర్బనం గుండా పోనివ్వాలి. క్లోరిన్‌ను కూడా కర్బనం చక్కగా విరుస్తుంది.

ఇక చేప ఎక్కడి నుండి రావాలన్నది. ఈ ప్రశ్న మాకు వడపోత కంటె పెద్దదిగా తోస్తుంది. అండమాన్ పగడపు దిబ్బలు 1998, 2010, 2016 సంవత్సరాలలో సముద్రం వేడెక్కి తెల్లబడ్డాయి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ తీరం సుమారు ఒక మీటరు క్రుంగగా, ఉత్తరాన కొన్ని దిబ్బలు నీటిపైకి లేచి ఎండకు చచ్చాయి. అటువంటి దిబ్బ నుండి ఒక చేపను తీయడమంటే అప్పుల్లో ఉన్న ఇంటి నుండి పాత్ర ఎత్తుకొని రావడమే. పగడాలు, సముద్రపు గుర్రాలు, పెద్ద ముత్యపుచిప్ప జాతి జీవులు 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలోనికి వచ్చాయి. వండూరు దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో ఏ జీవినీ ముట్టరాదు. ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన చచ్చిన పగడం ముక్కయినా సరే, పిల్లల సంచిలో విమానాశ్రయంలో దొరికితే సంజాయిషీ ఇవ్వవలసినది తండ్రే.

అదృష్టవశాత్తు క్లౌన్ చేపను సముద్రం నుండి తేనక్కర లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో 1978లో స్థాపించబడి, ఇప్పుడు కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థగా పిలువబడే సంస్థలో, ఈ శతాబ్ది తొలి ఏండ్లలోనే శాస్త్రజ్ఞులు క్లౌన్ చేపతో తొట్టెలో గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచారు. ఈ చేపలన్నీ మగవిగానే పుట్టి, గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది. గ్రుడ్లను కాపలా కాసేది ఎక్కువగా తండ్రే. వారం రోజులకు పొదిగిన పిల్ల కంటికి ఆననంత చిన్నది; నీటిలో ఏ కొంచెం తేడా వచ్చినా నిలువదు. బందీలో పుట్టిన చేపకు పొడి మేత అలవాటు, గాజు గోడలు అలవాటు. అది సముద్రపు చేప కంటె ఎక్కువ కాలం బ్రతుకుతుంది. కొనేటప్పుడు హేచరీలో పుట్టినదా అని అడగండి. తెలియదన్న దుకాణదారు వద్ద కొనవద్దు.

లేఖ వ్రాసిన సోదరికి మా సలహా ఇది. కర్బనం అరవై గ్రాములు, నైలాన్ సంచి ఒకటి, అమ్మోనియా పరీక్ష పెట్టె ఒకటి తెప్పించండి. మొదట పరీక్ష పెట్టె వాడండి. అందులో సున్న వస్తే కర్బనం సంచి పెట్టండి. రాకపోతే కర్బనం ప్రక్కన ఉంచి నీరు మార్చండి. కరెంటు పోయే రోజులు వస్తున్నాయి కనుక బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఇంటిలో ఉండనివ్వండి. వెచ్చని ఉప్పునీటిలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. పంపు ఆగిన తొట్టెలో చేపలకు ఎక్కువ గడువు ఉండదు. ఆరు వారాల తరువాత నీరెట్లా ఉన్నదో మాకు వ్రాస్తే ఈ శీర్షికలోనే ప్రచురిస్తాము.